బెల్లు మోగేదాకా

"సాయంత్రం బెల్లు మోగేదాకా ఆపుకో. ఆ తర్వాత ఎక్కడ కంటావో నీ ఇష్టం," అన్నాడు సూపర్‌వైజర్.

"అలాగే సార్," అంది గుండీలమ్మ, మిషన్ మీంచి చెయ్యి తియ్యకుండా.

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. పసిపిల్లల చొక్కాలకు గుండీలు వేస్తుంది కాబట్టి గుండీలమ్మ. మొహం పాలిపోయింది. కోటు కింద కడుపు బల్లకు తగులుతోంది.

కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉంది. దానికో షరతూ ఉంది. కాన్పుకు ముందు కొంతకాలం పని చేసి ఉండాలి. గుండీలమ్మ చేరి ఏళ్లయింది. అయితే ఏం? ఏటా పాత ఉద్యోగం కార్డు లాక్కుని, కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, మళ్లీ కొత్త కార్డు ఇస్తారు. ఏళ్ల తరబడి ఒళ్లు అరగదీసిన మనిషి నిన్నగాక మొన్న చేరినట్టు అయిపోతుంది. మోసానికి కార్డుతో మర్యాద ముసుగు తొడిగారు, అంతే. ఆ కొత్త కార్డు లెక్కన గడువు ఇవాళ, శనివారం సాయంత్రం బెల్లుతో నిండుతుంది. అంతకు నిమిషం ముందు కాన్పు అయినా సెలవు లేదు.

మొదటి కాన్పు అలాగే గడువుకు ముందే అయింది. ఒళ్లు ఆరకుండానే వచ్చి మిషన్ ముందు కూర్చుంది. పిల్లాడు సీసాపాలతో పెరిగాడు. ఇప్పుడు వాడికి దెబ్బ తగిలితే పరుగెత్తేది నాయనమ్మ దగ్గరికి. అమ్మ పక్కనే ఉన్నా సరే. ఈసారి బిడ్డను తన ఒళ్లోనే పెంచుకోవాలి. ఆమెకు ఉన్న ఆశంతా అదే.

"సోమవారం నుంచీ చూస్తున్నా, నీ మొహంలో నెత్తురు చుక్క లేదు," అంది పక్క మిషన్ మీద కాలర్లు కుట్టే చిలక. నోరు మూతపడదని ఆ పేరు. "ఇంటికి పోవే. మీ అత్త ఎంతమందికో పురుడు పోసిన మనిషి, నీకేం భయం?"

"పోతే సెలవు పోతుంది."

"తన్నుతున్నాడా?" అంటూ చిలక చెయ్యి చాపింది.

గుండీలమ్మ గభాల్న పక్కకి జరిగింది. "నిద్రపోతూ ఉంటుంది. కదిలించకు."

"ఉంటుందా? ఆడపిల్లేనని నీకు ఎవరు చెప్పారే?"

"నాకు తెలుసులే."

"అబ్బో, కళ్లారా చూసొచ్చినట్టు," అని చిలక నవ్వింది.

గుండీలమ్మ కిటికీలోంచి చూసింది. ఫ్యాక్టరీ గోడ అవతల వరస ఇళ్లు. అందులో మూడోది వాళ్ల డాబా. దండెం మీద ఎర్ర తువ్వాలు ఆడుతోంది. ఇంట్లో అంతా బాగుంటే తువ్వాలు ఆరేసి ఉంచాలని అత్తతో ఒప్పందం. ఈ వారమంతా ఆమె ఒళ్లు ఇక్కడ, ప్రాణం ఆ తువ్వాలు మీద.

సూపర్‌వైజర్ మళ్లీ వచ్చాడు. "నువ్విక్కడే కనేట్టున్నావు. కంటే నా ఉద్యోగం ఊడుతుంది. పద, నర్సుకు చూపించు."

"నాకేం కాలేదు సార్."

"పదమంటుంటే."

నర్సు తన గది తలుపు దగ్గరికి వేసింది. ముందరి భాగం తడిసిన కోటు చూసింది.

"ఉక్కగా ఉందమ్మా," అంది గుండీలమ్మ.

నర్సు కోటు పైనుంచే కడుపు మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"ఎప్పట్నుంచి?" అంది గొంతు తగ్గించి.

"ఆదివారం నుంచి."

"నీకేమైనా అయితే?"

"ఓర్చుకుంటా. ఇవాళ ఒక్కరోజేనమ్మా. మీ కాళ్లు పట్టుకుంటా, చెప్పకండి."

నర్సు కళ్లు తుడుచుకుని తలుపు తీసింది. బయట గోళ్లు కొరుక్కుంటున్నాడు సూపర్‌వైజర్.

"ఇవాళ ఈవిడ కనదు. పూచీ నాది," అంది నర్సు. తర్వాత గుండీలమ్మ వైపు తిరిగి, "ఇంకో కోటు ఇస్తా, మార్చుకో. గుండీలు పైదాకా పెట్టుకో," అంది.

సీటులోకి వచ్చి కిటికీ వంక చూసేసరికి దండెం మీద తువ్వాలు లేదు.

గుండీలమ్మ లేచి నిలబడింది. చిలక చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే? ఇంకాసేపట్లో బెల్లు."

"తువ్వాలు లేదే."

"గాలికి పడిపోయి ఉంటుంది. కూర్చో."

కూర్చోలేదు. గుమ్మం వైపు చూసింది, డాబా వైపు చూసింది. సెలవు పోతే పోనీ, పరుగెత్తాలనిపించింది. రెండు అడుగులు వేసింది కూడా. అంతలో అత్త డాబా ఎక్కి, దులిపిన తువ్వాలును మళ్లీ దండెం మీద వేసింది. గుండీలమ్మ బల్ల పట్టుకుని నెమ్మదిగా కూలబడింది. మిషన్ మీదున్న చిన్న చొక్కాను ఒకసారి మొహానికి ఆనించుకుంది.

"పిచ్చిదానా," అంది చిలక. ఈసారి నవ్వలేదు.

బెల్లు మోగింది.

సూపర్‌వైజర్ సెలవు మీద సంతకం పెట్టాడు. "గట్టిదానివే. ఆపుకున్నావు. సోమవారం నుంచి జీతంతో సెలవు. వెళ్లు, హాయిగా కను."

"అలాగే సార్," అంది.

గేటు దాటాక పరుగెత్తబోయింది. నడుము సహకరించలేదు. గోడ పట్టుకుని, ఆగుతూ, మళ్లీ నడుస్తూ ఇల్లు చేరింది. గుమ్మంలో అత్త.

"ఇచ్చారా?"

"ఇచ్చారత్తా."

"కూర్చో తల్లీ. ఇంక ఎక్కడికీ పోవద్దు."

గుండీలమ్మ తలుపు గడియ పెట్టి, కోటు గుండీలు ఒక్కొక్కటే తీసింది.

నడుముకు చుట్టిన దుప్పటి విప్పి, ఆదివారం పుట్టిన కూతుర్ని అందులో చుట్టి ఒళ్లోకి తీసుకుంది.