తల్లిగడ్డ

కోడలి మూటలో రెండు చీరలు, పొత్తిగుడ్డలు పెట్టి, కొడుకు తవ్వుకొచ్చిన పిల్లిపీచర గడ్డలు సర్దబోయింది కొమురమ్మ. అంతలోనే ఆమె చెయ్యి ఆగిపోయింది. గడ్డలతోపాటు ముళ్లతీగ మొదలు కూడా ఊడొచ్చింది.

"తల్లిగడ్డను గూడ పీక్కొచ్చినవారా మట్టయ్యా?"

మట్టయ్య తల గోక్కున్నాడు. భార్య భద్రమ్మకు నెలలు నిండాయి. కాన్పయ్యాక పాలు పడాలంటే ఈ గడ్డలే దిక్కు. రజాకార్ల భయానికి చివ్వెంల విడిచి, కోదాడ మీదుగా ఆంధ్ర వైపు పోతున్నారు. అక్కడ ఏ గుట్ట వెతుకుతాడు? ఆ తొందరలో మొత్తం పెకిలించాడు.

"మనమే పోతున్నం గదనే అవ్వా. ఇగ ఈ గుట్ట మీద ఏముంటే మనకేంది?"

"మనం పోతే ఊర్ల ఆడోళ్లు కనుడు మానుతరా? మిగిలింది గదొక్క పొదనే."

తర్వాత కోడలికి వినపడకుండా గొంతు తగ్గించింది. తల్లిగడ్డను చంపినవాడి ఇంట్లో పసిబిడ్డ నిలవదని ఆమె తల్లి చెప్పేది. పీకిన చేత్తోనే మళ్లీ నాటాలి, నీళ్లు పోయాలి. ఇంకొకరు నాటితే చెల్లదు.

బండి తోలే రామనర్సయ్య గొణుగుతూనే ఉన్నాడు. రజాకార్లు పొద్దుటినుంచీ గుట్ట వెనకాలే తిరుగుతున్నారట. కోదాడ బాట ఖాళీగా ఉన్నప్పుడే వెళ్లిపోవాలి, తాను ఆగనన్నాడు. మట్టయ్య అటూ ఇటూ చూశాడు.

బండిలోంచి భద్రమ్మ నవ్వింది. "పోయి నాటిరా. లేకుంటే అత్త కోదాడ దాక నా పానం తింటది."

కొమురమ్మే తేల్చేసింది. నడవలేని పిల్ల, ముందు బండిలో పోవాలి. తానుండి కొడుకును వెంటబెట్టుకొని పొలాల గట్ల మీదుగా వస్తుంది. కోడలి ఒళ్లో మూట పెట్టి, తల నిమిరి, బండిని సాగనంపింది.

మట్టయ్య మొదలును తడిగుడ్డలో చుట్టుకొని గుట్టెక్కాడు. కాసేపటికి అటువైపునుంచి తుపాకీ మోత వినిపించింది. కొమురమ్మ వాకిట్లోకి పరుగెత్తింది. ఒక దుంప కోసం కన్నకొడుకును పులి నోట్లోకి తోశానే అని గుండె బాదుకుంది.

పొద్దు వాలుతుండగా మట్టయ్య దిగొచ్చాడు. చేతుల నిండా మట్టి, ముళ్ల గీతలు.

"నాటిననే అవ్వా. నీళ్లు గూడ పోసిన. రజాకార్లు బాట దిక్కు దిగిపోయిందాక బండసాటున పండుకున్న."

ఆ మట్టిచేతులు పట్టుకొని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. మనవడికి ఇక ఏ గండమూ లేదనుకుంది. గట్ల మీద పడి నడుస్తుంటే మోకాళ్ల నొప్పులు కూడా తెలియలేదు. మర్నాడు ఇద్దరూ క్షేమంగా కోదాడ చేరారు.

ముందు బయలుదేరిన బండి మాత్రం చేరలేదు. పందొమ్మిదివందల నలభై ఎనిమిది ఆషాఢంలో ఆ బాటన పోయిన భద్రమ్మ మళ్లీ ఎవరికీ కనిపించలేదు.