వెలగని ఎర్రదీపం

ఆ రోజు అల్లుడి యంత్రానికీ మామగారి ఫిడేలుకీ పోటీ.

పాత రికార్డింగుల్లో తీగవాయిద్యాల స్వరం సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో పట్టుకునే యంత్రం అల్లుడిది. ఏళ్ల తరబడి చాకిరీ. గిటారు స్వరమైతే మీటగానే దొరికిపోతుంది. ఫిడేలు అలా కాదు, స్వరం పిల్లిలా వస్తుంది. అందులోనూ మామగారి స్వరం మరీను. ఆయన కమాను ఎప్పుడు పలకడం మొదలుపెట్టిందో చెప్పగలిగినవాడే అసలైన రసికుడని ఊళ్ళో పేరు. ఆయన వాయిద్యమంటే జనం చెవి కోసుకుంటారు.

"మీ మామగారి స్వరాన్ని పట్టుకుంటే యంత్రం ఉంటుంది, నువ్వూ ఉంటావు. లేకపోతే ఇద్దరూ బయటికే," అన్నాడు కంపెనీ యజమాని.

హాలు కిక్కిరిసింది. మామగారి కమానుకి ఆ ఉదయమే కొత్త గుర్రపు వెంట్రుకలు కట్టించారు. దుకాణం నుంచి నేరుగా దాన్ని తెచ్చిచ్చింది కూతురే.

"నాన్నా, ఆయన ఉద్యోగం నీ చేతుల్లో ఉంది. కాస్త గట్టిగా వాయించు," అంది.

మామగారు ఇంతెత్తున లేచారు. "సంగీతం దగ్గర అల్లుడూ లేదు, గిల్లుడూ లేదు!"

షరతు సులువే. స్వరం వినపడగానే శ్రోతలు చెయ్యెత్తాలి. యంత్రం మీద ఎర్రదీపం వెలగాలి.

మామగారు కళ్ళు మూసుకుని కమాను లాగారు. అందరూ ఊపిరి బిగబట్టారు. ముందువరసలో, పత్రికలకు సంగీత విమర్శలు రాసే పెద్దమనిషి తల పంకించి చెయ్యెత్తాడు. వెంటనే పక్కాయన. ఆపైన వరసలకు వరసలు. యజమాని కూడా. అల్లుడి చెయ్యీ దానంతటదే లేచింది. ఆహా, ఏం మెత్తదనం!

దీపం మాత్రం వెలగలేదు.

రెండోసారి లాగారు. ఈసారి చేతులు ఇంకా ముందే లేచాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. దీపం వెలగలేదు. వెనక ఎవరో దగ్గితే మాత్రం యంత్రం తెర మీద గీత ఎగిరిపడింది, మళ్ళీ చదునుగా పడుకుంది.

"దగ్గు వినపడుతుంది గానీ సంగీతం వినపడదటయ్యా నీ యంత్రానికి?" అన్నాడు యజమాని. హాలంతా గొల్లుమంది.

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. తన చెవులారా విన్న స్వరాన్ని తన యంత్రమే వినలేదు. ఇంకేం వాదిస్తాడు పాపం? తన చేత్తోనే ప్లగ్గు పీకేశాడు. రేపట్నుంచి రానక్కర్లేదని అక్కడే చెప్పేశారు.

మూడోసారి వాయించమని జనం గోల పెడుతున్నా, మామగారు తల వంచి చప్పట్లు అందుకుని గబగబా తెర వెనక్కి వెళ్ళిపోయారు.

అక్కడ కూతురు పక్కన నిలబడి ఉంటే అల్లుడు వైర్లు చుట్టుకుంటున్నాడు. "క్షమించండి మామయ్యగారూ, మీ స్వరం ముందు నా యంత్రం తూగలేదు," అన్నాడు.

మామగారు ఆ మాట విననట్టే కూతురివైపు తిరిగి, పళ్ళబిగువున అడిగారు: "రోజిన్ బిళ్ళ రుద్దందే కొత్త వెంట్రుకల కమాను నుంచి చిన్న చప్పుడు కూడా రాదని ఎన్నిసార్లు చెప్పానే నీకు, రుద్దకుండా అలాగే తెచ్చి నా చేతిలో పెట్టావేం?"