కొలతలకు వచ్చిన మనిషి

"అమ్మా, జర గిట్ల నిలబడి చపాతీలు ఒత్తినట్టు చెయ్యుండ్రి."

రత్నమాలకు నవ్వొచ్చింది. చేతిలో కర్ర లేదు, ముందు పీట లేదు. అయినా వంటగట్టు ముందు నిలబడి చేతులు ఆడించింది.

జహూర్ ఆమె మోచేతి దగ్గర్నుంచి నేలదాకా టేపు పట్టాడు.

"మీ గట్టు మూడంగుళాలు తక్కువున్నదమ్మా. వంగి వంగి చేస్తున్నరు. నడుం నొస్తదా?"

"పదేళ్ల నుంచీ అండీ," అందామె ఆశ్చర్యంగా.

అమీర్‌పేటలో ఆ ఫ్లాటు కొన్నప్పటి నుంచీ వంటగదిని ముట్టుకోలేదు. అరల తలుపులకు చెదలు పట్టాయి. సింకు కింద ఎప్పుడూ తడే. నాలుగేళ్లు కూడబెడితే మూడు లక్షలయ్యాయి. పంజాగుట్టలోని షోరూం వాళ్లు నాలుగు లక్షల ఎనభై వేలకు ఎస్టిమేట్ రాసిచ్చి, కొలతలు తీయడానికి ఈయన్ను పంపారు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, తక్కువ మాటలు.

కొలతలయ్యాక ఎస్టిమేట్ కాగితం అడిగి తీసుకున్నాడు.

"మీ తాన ఎంతున్నదమ్మా?"

"మూడు లక్షలు. మిగతాది లోన్ పెడుతున్నాం."

జహూర్ కాగితాన్ని గట్టు మీద పరిచాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీశాడు.

"గీ గ్రానైటు మంచిగున్నది, పారెయ్యద్దు. కింద ఎత్తు లేపి మళ్ల దీన్నే పరిస్తే సాలు."

ఒక గీత.

"చిమ్నీ ఎందుకు? బయటికి కిటికీ ఉన్నది. మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టియ్యుండ్రి."

ఇంకో గీత.

"సింకు కింద మాత్రం కంజూసీ చెయ్యద్దు. నీళ్లకు ఆగే ప్లైవుడ్డే వెయ్యాలె. పైన అరలకు గంత ఖరీదుది అక్కర్లే. వైరింగు పాతదైంది, మొత్తం మార్చుండ్రి."

అడుగున లెక్క వేశాడు. రెండు లక్షల అరవై వేలు.

"లోన్ ఫికర్ లేదమ్మా," అని టీ తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన హనుమత్ప్రసాద్ ఆ కాగితం చూసి భార్యతో అన్నాడు.

"షోరూం మనిషే షోరూం బేరం తగ్గిస్తాడా? ఏదో ఉంది. రేపొచ్చి, పని నాకే ఇవ్వండి, బయట చేసిపెడతానంటాడు చూడు."

నిజమే అనిపించింది రత్నమాలకు. పొద్దున్నే షోరూం మేనేజరుకు ఫోన్ చేసింది.

"మీరు పంపినాయన సగం వస్తువులు వద్దంటున్నారండీ. ఏంటి సంగతి?"

అవతల మేనేజరు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"చెప్పి మంచి పని చేశారు మేడమ్. వేరే మనిషిని పంపుతాం."

ఈసారి దుర్గేష్ అనే కుర్రాడు ట్యాబ్‌తో వచ్చాడు. మెరిసిపోయే వంటగది బొమ్మ చూపించాడు. ఎస్టిమేట్ అయిదు లక్షల ఇరవై వేలకు పెరిగింది. లోన్ కాగితాలు కూడా సిద్ధమయ్యాయి.

సంతకాలు పెట్టాల్సిన రోజు పొద్దున రత్నమాల రెండు ఎస్టిమేట్లూ పక్కపక్కన పెట్టింది.

"ఏమండీ, ఆయన కొట్టేసినవాటిలో మనకు నిజంగా కావాల్సింది ఒక్కటి చెప్పండి."

హనుమత్ప్రసాద్ రెండుసార్లు చదివాడు. చెప్పలేకపోయాడు. పైగా ఆ జహూర్ పని ఇమ్మని మళ్లీ రానే లేదు.

ఆ రోజు హనుమత్ప్రసాద్ బ్యాంకుకు వెళ్లలేదు. పక్క వీధిలోని వడ్రంగి నర్సింహులు ఆ పెన్సిలు గీతల ప్రకారమే పని చేసిపెట్టాడు. కొత్త గట్టు మీద మొదటిసారి చపాతీలు ఒత్తిన రోజు రత్నమాల నడుం పట్టుకోకుండా వంటగదిలోంచి బయటికి వచ్చింది.

మూడో నెలలో హనుమత్ప్రసాద్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసు మూసేసింది.

"ఇప్పుడు నెలనెలా కిస్తీ కూడా ఉండుంటే..." అని ఆగిపోయాడాయన.

రత్నమాల ఎస్.ఆర్. నగర్ హాస్టల్ అమ్మాయిలకు లంచ్ బాక్సులు మొదలుపెట్టింది. పన్నెండుతో మొదలై నలభై అయ్యాయి. పొద్దున్నించి మధ్యాహ్నందాకా నిలబడే వండేది. భర్తకు మళ్లీ ఉద్యోగం దొరకడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ ఇల్లు ఆ వంటగది మీదే నడిచింది.

ఆయన కొత్త ఉద్యోగంలో చేరిన రోజు రత్నమాల బొబ్బట్లు చేసి, డబ్బాలో సర్దుకుని షోరూంకు వెళ్లింది.

"జహూర్ చాచానా?" రిసెప్షన్‌లో ఉన్న అతియా అంది. "ఇప్పుడు ఇక్కడ లేరు మేడమ్. ఎవరో కస్టమర్ ఫోన్ చేసి చెప్పిండ్రంట. ఆ రోజే పనికి రావద్దన్నరు."

రత్నమాల ఆయన ఇల్లెక్కడని అడిగింది. అడ్రసు రాయించుకుని యూసుఫ్‌గూడ ఆటో ఎక్కింది.

తలుపు తీసింది జహూర్ భార్య ఇమామ్ బీ. ఆయన పని మీద సంగారెడ్డి పోయాడట, శుక్రవారం గాని రాడట. కూర్చోమని మంచినీళ్లిచ్చింది.

డబ్బా ఆమె చేతిలో పెట్టి రత్నమాల తలవంచుకుంది.

"ఆ ఫోన్ చేసింది నేనేనమ్మా. ఆయన మా ఇల్లు నిలబెట్టారు. నేనేమో ఆయన్ను అనుమానించాను."

"తెలుసమ్మా. గాయన చెప్పిండు. కొత్త మనిషిని గంత జల్దీ ఎట్ల నమ్ముతరు, ఆమె తప్పేం లేదు అన్నడు."

"నా వల్ల ఆయన జీతం పోయింది."

ఇమామ్ బీ డబ్బా మూత తీసి వాసన చూసి నవ్వింది.

"జీతం యాడిదమ్మా? ఎస్టిమేటు ఎంత పెద్దగుంటే గంత కమీషన్, గాయనకు వచ్చేది గదొక్కటే."