చోటు మారే అంకెలు

"అమ్మా, మీ ఫోన్లో లెక్కలు చేసుకునేది ఉందా?"

ఆపరేషన్ థియేటర్ ముందు బెంచీ మీద కూర్చున్న అక్క తలెత్తింది. పొద్దున్నించీ పక్కనే ఉన్న పెద్దాయన. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు.

లోపల తమ్ముడికి గుండె మారుస్తున్నారు. ఎవరి గుండో తెలియదు. ఇచ్చినవాళ్ళ సంగతి పుచ్చుకున్నవాళ్ళకి చెప్పకూడదని ఆసుపత్రి రూలు. తలుపు మీది ఎర్ర దీపం వంక చూడడం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు.

"ఉంది. ఏం?"

"లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు కొట్టండి. దాన్ని రెండుతో హెచ్చవేయండి."

విసుక్కుంటూనే కొట్టింది. 142857 కాస్తా 285714 అయింది.

"చూశారా, అవే అంకెలు! ఇప్పుడు మూడుతో."

428571.

"నాలుగు, అయిదు, ఆరు... దేంతో హెచ్చవేసినా అవే. ఒక్క అంకే పోదమ్మా. చోటు మారుతుంది, అంతే. మా అమ్మాయి బడిలో పిల్లలకి ఇదే చూపిస్తుంది."

"మరి ఏడుతో?"

పెద్దాయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దమ్మా. అక్కడ వీటిలో ఒక్కటీ మిగలదు."

"లోపల మీవాళ్ళెవరున్నారు?"

"నా పని పొద్దున్నే అయిపోయింది. వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు."

ఆమె వైపు జరిగి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడు బాగా నవ్వుతాడా? పాటలంటే ఇష్టమేనా?"

అక్కకి ఒళ్ళు మండింది.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని! పొద్దుపోక నన్ను పట్టుకున్నారు. మీ బిడ్డ ఆ తలుపు వెనకాల ఉంటే తెలిసేది మీకు!"

పెద్దాయన తల ఊపాడు.

"నిజమేనమ్మా" అన్నాడు. లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నోరు జారినందుకు అక్కకి మనసు చివుక్కుమంది. వెనక్కి పిలుద్దామనుకుంది, దీపం మీంచి చూపు తిప్పడానికి భయమేసింది. ఏమీ తోచక ఆ సంఖ్యను ఏడుతో హెచ్చవేసింది.

అన్నీ తొమ్మిదులే.

దీపం ఆరింది. నర్సమ్మ మాస్కు దించుకుంటూ బయటికి వచ్చింది.

"కొట్టుకుంటోందమ్మా. మీ తమ్ముడికి గండం గడిచింది."

అక్క ఆమె చేతులు పట్టుకుని భోరుమంది. నర్సమ్మ మాత్రం బెంచీ మీది ఖాళీ చోటు వైపే చూస్తోంది.

"ఇక్కడి పెద్దాయన ఏరీ?"

"వెళ్ళిపోయారు. నేనే ఓ మాట అన్నాను. ఏం, ఎందుకు?"

నర్సమ్మ మెట్ల దాకా వెళ్ళి కిందికి తొంగిచూసింది. ఆయన కనిపించక తిరిగి వచ్చింది.

"చెప్పకూడదమ్మా, రూలు. తన కూతురి గుండె కొట్టుకుంటోందన్న ఒక్క మాట విని వెళ్తానని పొద్దున్నించీ కూర్చున్నారాయన."