వీడ్కోలు మార్కులు

నలుగురూ కెమెరాలు ఆన్ చేశారు. ఎవరూ నమస్కారం చెప్పలేదు.

హైదరాబాదులో కూర్చుని చూస్తున్న ట్రైనర్ శ్రీకాంత్ ఒక మార్కు తగ్గించాడు.

ఇది ఆఖరి పరీక్ష. ఆన్‌లైన్ మీటింగును పద్ధతిగా నడిపి చూపిస్తే నలుగురికీ ఇంటి నుంచి చేసుకునే ఉద్యోగం. లేదంటే ఎవరికీ లేదు. పవన్ కొనకనమిట్ల వదిలి మళ్ళీ బెంగళూరు బస్సెక్కాలి. సుజాత, లక్ష్మీకుమారి, మల్లి ఊరు దాటే వీలున్నవాళ్ళు కాదు.

పరీక్ష వాయిదా వేయమని పొద్దున పవన్ మెసేజ్ పెట్టాడు. కారణం రాయలేదు. ఇంటి సంగతులు పనిలోకి తేవద్దని మొదటి పాఠంలో చెప్పింది శ్రీకాంతే. కుదరదని జవాబిచ్చాడు.

మీటింగుకు అందరినీ పిలిచింది టీమ్ లీడర్ సుజాత. అర్ధవీడులో తన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. వెనక ఒక మూల దీపం వెలుగుతోంది. పట్టపగలు, పైన ఫ్యాను తిరుగుతుండగా దీపమెందుకో అనుకున్నాడు శ్రీకాంత్. అంతలోనే మరిచిపోయాడు.

పని మాత్రం చక్కగా సాగింది. కస్టమర్ ఫిర్యాదు చదివారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాలేదు. జవాబును నలుగురూ ఒకే ఫైలులో దిద్దారు. చదువుతూ చదువుతూ సుజాత మధ్యలో ఆగిపోయింది.

"నువ్వుండు అక్కా, నేను చదువుతా" అని లక్ష్మీకుమారి అందుకుంది.

శ్రీకాంత్ దానికీ మార్కులు వేశాడు.

ఇక వీడ్కోలు మిగిలింది. అది తప్పితే పాస్ చేసేది లేదని అతను ముందే చెప్పాడు. శిక్షణలో పవన్ రోజూ "ఉంటాం సార్, వెళ్ళొస్తాం సార్" అని రెండుసార్లు చెప్పేవాడు. "పెండ్లింటి నుంచి లేచినట్టుంది అన్నా నీ యవ్వారం" అని లక్ష్మీకుమారి ఎగతాళి చేసేది.

"చాలా బాగా చేశారు. మళ్ళీ ఇలాగే కలుద్దాం" అని శ్రీకాంత్ నవ్వి, వాళ్ళ మాట కోసం ఆగాడు.

సుజాత తల ఎత్తలేదు. లక్ష్మీకుమారి తెర మీద నుంచి మాయమైంది. తర్వాత మల్లి. పవన్ ఏదో అనబోయి పెదవులు బిగించాడు. అతనూ వెళ్ళిపోయాడు.

శ్రీకాంత్‌కు ఒళ్ళు మండింది. సున్నా వేశాడు. ఫలితం పంపే ముందు పవన్‌కు ఫోన్ చేశాడు.

"ఏమిటయ్యా ఇది? ఆ ఒక్క మాట అనకపోతే ఉద్యోగం పోతుందని తెలుసు కదా."

"తెలుసు సార్."

"మరి ముందే కూడబలుక్కున్నారా?"

"లేదు సార్. అట్లేం అనుకోలే. మీటింగుకు పిలిచింది సుజాతక్క. అంటే మేం పోయింది ఆమె ఇంటికే గదా. మొన్ననే ఆమె నాయన పోయిన ఇంటి నుంచి లేచేటప్పుడు, వెళ్ళొస్తామని ఎట్ల చెప్తాం సార్?"