ఇంటి చెరువు రొయ్యలు

రాతలో తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు అబ్బింది అరవై దాటాక. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి, చెయ్యి మెల్లగా నడుస్తుంది. అందుకే చిన్న కథే రాశాను.

గుండుగొలను దాటి కొల్లేరు వైపు తిరిగే రోడ్డు మీద ఆటో ఆగింది.

నేత చీర కట్టుకున్న ఒకావిడ దిగింది. యాభై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి తప్ప ఇంకేం లేదు.

గేటు దగ్గర బంగార్రాజుగారు పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ గుత్తి ఆవిడ కోసం కాదు.

ఢిల్లీ నుంచి ఆఫీసరు వస్తున్నారు.

మన రొయ్యలు కొనే దేశానికీ మనకీ మధ్య వ్యాపారం ఎలా సాగాలో రెండు ప్రభుత్వాలకీ సలహా చెప్పడానికి ఒక మండలి వేస్తున్నారు. రెండు వైపుల నుంచీ వ్యాపారస్తుల్ని ఎంచుతున్నారు. బంగార్రాజుగారి పేరు పైదాకా వెళ్ళింది. ఇవాళ ఆఫీసరు వచ్చి చూసి వెళితే ఖాయమైనట్టే.

ఆ కుర్చీ దొరక్కపోతే ఆయన పని అయిపోయినట్టే. ఆ దేశం వాళ్ళు రేవులోనే రొయ్యని పరీక్ష చేస్తున్నారు. చెరువులో వేసిన మందు జాడ కనపడితే కంటైనర్ మొత్తం వెనక్కి. ఇంకోసారి వెనక్కి వచ్చిందంటే ఆయన రొయ్యల ఫ్యాక్టరీకి తాళం. మండలిలో కూర్చుంటే ముందు ఆ పరీక్షలే ఎత్తించెయ్యాలని ఆయన ఆశ.

"మీటింగు కోసం వచ్చానండీ. ఆఫీసరుగారు కారులో వస్తున్నారు. నేను రైల్లో ఏలూరు దిగి ముందొచ్చేశాను," అంది ఆవిడ.

ఆఫీసరు ముందుగా పంపిన మనిషి కాబోలనుకున్నారు బంగార్రాజుగారు.

"ఎండన పడొచ్చారు. ముందు భోంచెయ్యండమ్మా. పని ఎక్కడికీ పోదు."

అన్నం పెట్టకముందు ఎవరు, ఏమిటి అని అడగడం ఆ ఇంట్లో లేదు.

ఇంటికి చెరువు గట్టు మీదుగానే దారి. సగం దూరం వెళ్ళాక ఆవిడ ఆగింది.

పెద్ద చెరువుల మీద ఒక్క పిట్ట లేదు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంటి వెనక చిన్న చెరువు మాత్రం కొంగలతో తెల్లగా ఉంది.

"ఇటు వాలవేంటండీ?"

"వలలు కట్టాం కదమ్మా."

"అందుకేనా," అంది ఆవిడ, నీళ్ళ వంకే చూస్తూ. "ఆ చిన్నది ఇంటి చెరువాండీ?"

ఆయన ముచ్చటపడిపోయారు.

"ఇంటి చెరువు సంగతి మీకెలా తెలుసమ్మా?"

"మా అమ్మమ్మగారిది ఆకివీడండీ."

"చెప్పరేం మరి! అయితే మీరు మా ఆడపడుచే!"

ఆయన భార్య వసుంధరగారు విస్తరి వేసి రొయ్యల వేపుడు వడ్డించారు. ఆవిడ మొదటి ముద్దకే కళ్ళు మూసుకుంది.

"మా అమ్మమ్మ వండినట్టే ఉందండీ."

"ఉండదా మరి! మందు చుక్క పడని చెరువమ్మా అది," అన్నారు బంగార్రాజుగారు. "మా పిల్లలు తినేది అదే."

"మరి పెద్ద చెరువులవి?"

"అవి మనం తినేవి కాదు లెండి. బయటి దేశం పోయేవి."

వసుంధరగారి చేతిలో గరిటె ఆగింది. "ఏవండీ..."

"ఆడపడుచు దగ్గర దాపరికమేంటే?"

కొల్లేరు మీదుగా మబ్బు పట్టింది. ఇంట్లో వెలుతురు తగ్గింది.

"అక్కడా పిల్లలు తింటారు కదండీ," అంది ఆవిడ మెల్లగా.

"వాళ్ళకి పెద్దపెద్ద ఆస్పత్రులున్నాయమ్మా!"

ఆయన ఒక్కరే నవ్వారు.

ఆవిడ విస్తట్లో మెతుకు మిగల్చకుండా తిని లేచింది.

ఆ ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరూ ఐసు వేసిన రొయ్యల పెట్టె లేకుండా వెళ్ళరు. బంగార్రాజుగారు థర్మోకోల్ పెట్టె తెమ్మన్నారు.

"రెండిస్తారాండీ?" అంది ఆవిడ. "ఒకటి ఇంటి చెరువుది, ఒకటి పెద్ద చెరువుది."

"పెద్ద చెరువుది మీకెందుకమ్మా?"

"తేడా చూద్దామని."

అడిగిన అతిథికి లేదనడం ఆయనకి చేతకాదు. దగ్గరుండి రెండూ కట్టించారు. కలిసిపోకుండా ఒకదానికి ఎర్రతాడు చుట్టారు.

"ఎర్రతాడుది మాత్రం వండుకోకండేం," అని మరీ మరీ చెప్పారు.

"వండనండీ."

"ఉండండమ్మా, ఆఫీసరుగారు వచ్చేస్తారు."

"నా పని అయిపోయిందండీ," అంది ఆవిడ. వసుంధరగారికి నమస్కారం పెట్టి ఆటో ఎక్కింది.

"ఆవిడ పేరైనా అడిగారాండీ?" అన్నారు వసుంధరగారు.

ఆయన బదులు చెప్పేలోపే కారు వచ్చింది. చినుకులు మొదలయ్యాయి.

ఆఫీసరు హేమంత్‌కుమార్ పూలగుత్తి అందుకుని చుట్టూ చూశారు.

"మైత్రేయిగారు ఎక్కడండీ?"

"మీరు ముందు పంపిన ఆవిడేనా? కడుపునిండా పెట్టే పంపాం సార్. రెండు పెట్టెలు కూడా కట్టిచ్చాం. ఒకటి మా ఇంటి చెరువుది, ఒకటి ఫ్యాక్టరీకి పోయేది."

ఆఫీసరు ముఖంలో నవ్వు పోయింది.

"రెండూ ఇచ్చారా?"

"ఆవిడే అడిగిందండీ. తేడా చూస్తానని."

"నేను పంపలేదండీ ఆవిణ్ణి. ఆవిడ మన వైపు మనిషి కాదు. మండలిలో అవతలి దేశం తరఫున కూర్చునేది ఆవిడే."

బంగార్రాజుగారు గేటు పట్టుకున్నారు. రోడ్డు మీద ఆటో కనపడలేదు.

"మరి... నా పేరు రాసింది మీరేగా సార్?"

"మేము కాదండీ," అన్నారు ఆఫీసరు, వానలో పూలగుత్తి కిందికి దించి. "'మా అమ్మమ్మ వైపు వాళ్ళు పరాయివాళ్ళ పిల్లలకి పాడు తిండి పెట్టరు, ఆ పరీక్షలు ఎత్తెయ్యండి, ఆయన్ని మండలిలోకి తీసుకోండి' అని రెండు ప్రభుత్వాల దగ్గరా మీ కోసం పట్టుబట్టింది ఆవిడొక్కరే."

ఎన్. సుందరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది తాడేపల్లిగూడెం.