షణ్ముగం నేసిన పంచె

"నా ఒళ్ళో ఒద్దక్కా. ఈ పంచె తడిసిందంటే నా పెళ్ళి ఆగిపోతాది," అన్నాడు షణ్ముగం.

తిరుత్తణి కొండ కింద చత్రంలో దేవకి కొడుకు కందయ్యకు చెవులు కుట్టే వేళయింది. గుండు కొట్టించి గంధం పూశారు. కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. కందయ్యకు ఉన్న మేనమామ షణ్ముగం ఒక్కడే.

ఎదురుగా చాప మీద తిరువాలంగాడు నుంచి వచ్చిన రత్నస్వామి, ఆయన తల్లి తిరుమలమ్మ కూర్చున్నారు. ఆయన కూతుర్ని షణ్ముగానికి అడిగారు. రత్నస్వామి జాతకం అడగలేదు. మాప్పిళ్ళ, అంటే కాబోయే అల్లుడు, తన చేత్తో నేసిన పంచె కట్టుకొని రావాలి, అంచు పట్టి చూసి చెప్తానన్నాడు. ఆయనా నేతగాడే. షణ్ముగం ఎర్రంచు పంచె నేసి కట్టుకొచ్చాడు. చెవులు కుట్టడం అయ్యాక చూపించాలి.

"వీడు తడపడురా," అంది దేవకి గొంతు తగ్గించి. "నోటితో బుస కొడితేనే పోస్తాడు. లేకుంటే పొద్దుగూకే దాకా పట్టుకుంటాడు. పోస్తే దాచడు, గట్టిగా చెప్తాడు. అట్ల నేర్పినా."

"ఇంత బిడ్డకు ఏం నేర్పినావో."

"నీకెవురు నేర్పినారు? అమ్మ మగ్గం దిగేది కాదు. నిన్ను కాలవ గట్టున కూర్చోబెట్టి బుస కొట్టింది నేనే. వీడికీ అదే పాఠం."

"మెల్లగా అక్కా. వాళ్ళు వింటారు."

రత్నస్వామి వినలేదు. గోలీసోడా కొట్టిస్తున్నాడు. "ఇంకోటి తాగు మాప్పిళ్ళా," అని షణ్ముగం చేతికిచ్చాడు. పొద్దుటి నుంచి ఇస్తూనే ఉన్నాడు. కాబోయే మామ ఇచ్చింది కాదనలేక షణ్ముగం తాగుతూనే ఉన్నాడు. ఒకసారి లేచి పెరటి వైపు నడిచాడు. "యాడికి నాయనా?" అని అడిగింది తిరుమలమ్మ. ఆమెకు ఏం చెప్పాలో తోచక వచ్చి కూర్చున్నాడు.

దేవకి కందయ్యను తమ్ముడి ఒళ్ళో కూర్చోబెట్టింది. "కుట్టేటప్పుడు ఎవురూ నోట్లో పాము సద్దు చెయ్యగూడదు," అని అందరికీ చెప్పింది. వాకిట్లో ఎవరిదో ట్రాన్సిస్టర్ ఉంటే, స్టేషన్ తప్పితే బుస కొడుతుందని దాన్నీ ఆపించింది.

చెవులు కుట్టే ఆచారి తీగ తీశాడు. ఒక చెవి అయింది. కందయ్య ఏడ్చాడు. పంచె తడవలేదు. దేవకి తమ్ముడి వైపు చూసి తల ఎగరేసింది.

రెండో చెవిలో తీగ దిగింది. తిరుమలమ్మ చూడలేక ముఖం తిప్పుకుంది. నొప్పి తనదే అన్నట్టు పళ్ళు బిగించి, "ఇస్స్‌స్‌స్" అంది.

చత్రంలో అందరూ షణ్ముగం ఒడి వైపు చూశారు. షణ్ముగం కళ్ళు మూసుకున్నాడు. తడి పంచె మీద పాకి, మోకాలు దాటి, అంచు చేరింది.

"పంచె పాయె," అన్నాడు ఆచారి.

రత్నస్వామి లేచి వచ్చాడు. వంగి తడిసిన అంచు పట్టుకున్నాడు. నలిపాడు. పిండాడు. తెల్లబట్ట వైపు తిప్పి చూశాడు.

"ఇంత తడిసినా ఎరుపు దిగలే," అన్నాడు. "అద్దకమూ మంచిదే, చెయ్యీ మంచిదే. తాంబూలాలు తియ్యండి."

దేవకి ఊపిరి పీల్చుకుంది. షణ్ముగం మాత్రం కళ్ళు తెరవలేదు.

"చెయ్యి కడుక్కోండి మామా," అని ఆమె చెంబు అందించింది.

"ఎందుకమ్మా? పసిబిడ్డది తీర్థమే," అని రత్నస్వామి ఆ తడివేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. తర్వాత కందయ్య గడ్డం పట్టుకున్నాడు. "ఏమయ్యా, మా మాప్పిళ్ళను తడిపేసినావా?"

కందయ్య ఏడుపు ఆపాడు. వెనక్కి తిరిగి చూసి, అమ్మ నేర్పినట్టే గట్టిగా చెప్పాడు.

"నేను పొయ్యలే. మామ పోసినాడు."